ఓడెక్కబోయే మేనల్లుడికి: ఫోన్‌లో సినిమాలు సర్దుకునే సంగతి

చిన్నా,

మావయ్య ఆశీస్సులు. బూట్లు, మందులు, సర్టిఫికెట్ల జిరాక్సులు... ఆ జాబితా పోయిన వారమే పంపాను కాబట్టి మళ్ళీ ఎత్తను. నిన్న ఫోన్ పెట్టేసే ముందు ఒక మాటన్నావు చూడు, "సినిమాలు ఒక ముప్పై డౌన్‌లోడ్ చేసేశాను మావయ్యా, ఇంక టెన్షన్ లేదు" అని. నాకు అక్కడే టెన్షన్ మొదలైంది. ఒకప్పుడు మీ అత్తతో అచ్చం ఇదే మాట అని నేనూ ఓడెక్కాను.

అప్పటికి యాప్‌లలో డౌన్‌లోడ్ బటన్ కొత్త. రేవు వదిలే ముందు రాత్రి వైఫై బాగా తగిలే మూల చూసుకుని కూర్చుని, తెల్లారేదాకా ఇరవై రెండు సినిమాలు దించుకున్నాను. మొదటి వారం ఇంజిన్ గదిలో పనితోనే సరిపోయింది. తొమ్మిదో రాత్రి వాచ్ (డ్యూటీ) దిగి, స్నానం చేసి, బంక్ మీద వాలి ఫోన్ తీశాను. పోస్టరు ఉంది. పక్కన టిక్కు ఉంది. నొక్కితే "గడువు ముగిసింది, రెన్యూ చేయడానికి ఇంటర్నెట్‌కు కనెక్ట్ అవ్వండి" అని వచ్చింది. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతే పంతొమ్మిదింటిదీ అదే పాట. మిగిలిన మూడింటిలో ఒకటి అప్పటికే చూసేసిందే. ఫోన్‌లో జాగా మాత్రం ఇంచుమించు నిండే ఉంది. బీరువా నిండా బట్టలు, తాళంచెవి ఒడ్డున మర్చిపోయినట్టు!

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, సినిమా ఫైలు వేరు, దాన్ని చూసే అనుమతి వేరు అని. ఈ యాప్‌లు ఫైలుకి తాళం వేసి ఇస్తాయి. ఆండ్రాయిడ్‌లో ఎక్కువగా వైడ్‌వైన్ అనేది, ఐఫోన్‌లో ఫెయిర్‌ప్లే అనేది ఆ తాళం. తాళంచెవి యాప్ దగ్గరుంటుంది, దానికి గడువుంటుంది. ఆ ఫైలు పట్టుకెళ్ళి ఇంకో ఫోన్‌లో వేసినా తెరుచుకోదు. కాబట్టి ఎన్ని సినిమాలు దించావన్నది తర్వాత చూద్దాం. ఒక్కోటి నెట్ లేకుండా ఎన్నాళ్ళు ఆడుతుందో ముందు చూడు.

ఆ లెక్క అన్నిటికీ ఒకటి కాదు. నెట్‌ఫ్లిక్స్‌లో కొన్నిటికి ప్లే నొక్కిన దగ్గర్నుంచి 48 గంటలే. గడువు 7 రోజుల్లోపుకి వచ్చిన వాటికి, ఇంకా ఎంత మిగిలిందో డౌన్‌లోడ్స్ పేజీలో పేరు కిందే రాస్తారు. ఆ చిన్న అక్షరాలు ఎవరూ చదవరు, నువ్వు చదువు. యూట్యూబ్ ప్రీమియంలో దించుకున్నవి సాధారణంగా 30 రోజులకు ఒక్కసారైనా నెట్‌కు కలిపితే ఆడుతూనే ఉంటాయి. కొన్ని దేశాల్లో ఆ గడువు ఇంకా తక్కువ. యాపిల్‌లో అద్దెకు తీసుకున్న సినిమా మొదలుపెట్టడానికి 30 రోజులు ఇస్తారు. మొదలుపెట్టాక చాలా దేశాల్లో 48 గంటల్లో ముగించాలి. ఈ నిబంధనలు వాళ్ళు మారుస్తుంటారు కూడా. బయల్దేరే వారంలో ఆయా యాప్‌ల హెల్ప్ పేజీ తీసి ఒకసారి చూసుకో. పది నిమిషాల పని.

నీది రెండు రోజుల ప్రయాణమైతే ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు. చిన్న ప్రయాణానికి సబ్‌స్క్రిప్షన్‌లో ఉన్నవి దించుకుంటే చాలు, లేదా ఒకటి రెండు అద్దెకు తీసుకున్నా సరిపోతుంది. నువ్వు వారాల తరబడి నెట్ లేకుండా ఉండబోతున్నావు. ఓడలో శాటిలైట్ నెట్ ఉన్నా అది ఇంటికి నాలుగు మెసేజ్‌లు పెట్టుకోవడానికి ఉంచుకో. నీలాంటివాడికి నేను చెప్పేది, ఒక ఐదారు సినిమాలు కొనుక్కో అని. అద్దెకు కాదు, కొనుక్కో. మళ్ళీ మళ్ళీ చూడగలిగినవి ఎంచుకో. యాపిల్‌లో కొన్న సినిమాని ఫోన్‌లోకి దించుకుంటే దానికి అద్దె సినిమాలా గడువుండదు. యూట్యూబ్‌లో కొన్నవి కూడా మొబైల్ యాప్‌లో దించుకోవచ్చు. కానీ దించకుండా "కొన్నాను కదా, అక్కడే ఉంటుందిలే" అనుకోవద్దు. గూగుల్ ప్లే మూవీస్ అని ఒకటి ఉండేది. 2024 జనవరిలో మూసేశారు. అందులో కొన్నవాళ్ళ సినిమాలు యూట్యూబ్‌కి మార్చారు కాబట్టి సరిపోయింది. కొట్టు ఎక్కడికి మారినా ఫోన్‌లోకి దిగిన సినిమా ఆ రాత్రికి నీకు పనికొస్తుంది.

ఇక ఏ తాళం లేనివీ ఉన్నాయి. కుర్రాళ్ళు వాటి జోలికి పోరు గానీ, నా ఓట్లన్నీ వాటికే. కాపీరైట్ గడువు తీరిన పాత సినిమాలు ఎవరైనా దించుకోవచ్చు, దాచుకోవచ్చు, పదిమందికి చూపించవచ్చు. అమెరికా చట్టం ప్రకారం అక్కడ ప్రతి జనవరి 1న ఒక ఏడాది సరుకు ఇలా బయటికొస్తుంది. 2025లో 1929 నాటివి వచ్చాయి. కొన్ని పొరపాటున కూడా ఇలా అందరి సొత్తయ్యాయి. 1968లో వచ్చిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అనే దెయ్యాల సినిమాకి విడుదలప్పుడు పేరు మార్చారు. ఆ మార్చడంలో టైటిల్ మీద ఉండాల్సిన కాపీరైట్ నోటీసు ఎగిరిపోయింది. అప్పటి చట్టం ప్రకారం నోటీసు లేదంటే హక్కూ లేదు! ఇలాంటివి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి, 1996 నుంచి నడుస్తున్న సంస్థ అది. అయితే అక్కడ ఎవరు పడితే వాళ్ళు అప్‌లోడ్ చేస్తారు. అక్కడ ఉంది కదా అని ప్రతిదీ హక్కులు లేనిదని అనుకోకు. సినిమా పేజీలో హక్కుల గురించి ఏం రాశారో చూడు, ఏ ఏడాదిదో చూడు. గడువు దేశానికో రకంగా ఉంటుందని కూడా గుర్తుపెట్టుకో.

కొత్తగా తీసినవాటిలోనూ ఇష్టపూర్వకంగా అందరికీ ఇచ్చేసినవి ఉన్నాయి. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు తీసిన చిత్రాలు, 2008 నాటి 'బిగ్ బక్ బన్నీ', 2010 నాటి 'సింటెల్' లాంటివి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద, అంటే ఎవరైనా దించుకుని పంచుకునేలా, ఇచ్చారు. పొట్టి సినిమాలే, పావుగంట దాటవు. ఇవన్నీ మామూలు వీడియో ఫైళ్ళు. ఫోన్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వేసుకుంటే ఆడతాయి. ఏ లాగిన్ అక్కర్లేదు, గడువు లేదు.

ఒకసారి మెస్‌లో బస్టర్ కీటన్ అనే పాతకాలం హాలీవుడ్ హాస్యనటుడి మూకీ ఒకటి పెట్టాను. ఐదు దేశాలవాళ్ళం ఉన్నాం, ఒకరి భాష ఒకరికి రాదు. మా చీఫ్ కుక్ నవ్వి నవ్వి గరిటె పట్టుకునే కుర్చీలోంచి జారిపోయాడు. సబ్‌టైటిల్స్ గోల కూడా లేదు. సబ్‌స్క్రిప్షన్ సినిమాతో ఆ పని కుదరదు. అది నువ్వొక్కడివి చూసుకోవడానికి ఇచ్చింది. పైగా దించుకున్న సినిమాని టీవీ మీదకి పంపనివ్వని యాప్‌లు చాలా ఉన్నాయి.

సబ్‌టైటిల్స్ అన్నాను కాబట్టి గుర్తొచ్చింది. నెట్‌లో చూసేటప్పుడు ఉన్న భాషలన్నీ డౌన్‌లోడ్‌లో రావు. ఏ భాషలో ఆడియో కావాలో, సబ్‌టైటిల్స్ కావాలో ముందే ఎంచుకుని దించు. లేకపోతే తెలుగు సినిమా ఇంకేదో డబ్బింగులో వినాల్సొస్తుంది.

జాగా విషయం పెద్ద చిక్కేం కాదు. క్వాలిటీ స్టాండర్డ్‌లో పెట్టుకుంటే రెండు గంటల సినిమా దాదాపు ఒక జీబీలో సర్దుకుంటుంది, హై పెడితే అంతకు రెట్టింపో ఇంకా ఎక్కువో. అరచేతి తెరకి స్టాండర్డ్ చాలు. మెమరీ కార్డులో దించే వీలు కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంటుంది. కార్డు మాత్రం నాసిరకంది కొనకు. దించేటప్పుడు బ్యాటరీ సేవర్ తీసేసి, చార్జింగ్ పెట్టి, యాప్ తెరిచే ఉంచు. లేకపోతే నువ్వు నిద్రపోయాక అదీ నిద్రపోతుంది.

ఇప్పుడు అసలు పని. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందే అన్నీ దించెయ్. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, వైఫై ఆగిందో లేదో పైన గుర్తు చూసుకో. యాప్‌ని పూర్తిగా మూసి మళ్ళీ తెరువు. ఒక్కో సినిమా నొక్కి, మొదటి నిమిషం చూసి, మధ్యలోకి జరిపి ఇంకో నిమిషం చూడు. మాటలు వినపడుతున్నాయా, సబ్‌టైటిల్స్ వస్తున్నాయా చూసుకో. అద్దెకు తీసుకున్నవి మాత్రం ముట్టుకోకు, ప్లే నొక్కగానే ఆ 48 గంటల గడియారం మొదలవుతుంది. సబ్‌స్క్రిప్షన్‌వి పరీక్ష చేసి, బయల్దేరే రోజు పొద్దున మళ్ళీ నెట్‌కు కలిపి రెన్యూ చేసుకో. రెన్యూ బటన్ లేకపోతే చెరిపేసి మళ్ళీ దించు. అందుకే నాలుగు రోజుల టైం అడిగాను.

తర్వాత యాప్‌లోంచి లాగౌట్ అవ్వకు, ఫోన్ రీసెట్ చెయ్యకు. లాగౌట్ అయితే డౌన్‌లోడ్‌లు పోతాయి, మళ్ళీ లాగిన్ అవ్వాలంటే ఓటీపీ ఇక్కడి సిమ్‌కి వస్తుంది, ఆ సిమ్ నీకు అక్కడ పనిచెయ్యదు. సబ్‌స్క్రిప్షన్ కట్టే కార్డు గడువు మధ్యలో తీరిపోతుందేమో కూడా చూసుకో.

రేవులో వైఫై దొరికితే రెన్యూ చేసుకోవచ్చు, కానీ అక్కడో మెలిక ఉంది. సినిమా హక్కులు దేశాల వారీగా అమ్ముతారు. వేరే దేశంలో నెట్‌కు కలిపితే, ఆ సినిమా ఆ దేశంలో లేకపోతే యాప్ దాన్ని ఆడనివ్వకపోవచ్చు. అందుకని ఇంకా గడువున్నవి, తప్పక చూడాలనుకున్నవి ముందే చూసేసి, ఆ తర్వాతే రేవులో యాప్‌ని నెట్‌కు కలుపు. తేదీ వెనక్కి తిప్పితే గడువు పెరుగుతుందని ఎవరో ఒకరు నీకు చెప్తారు. నేనూ తిప్పి చూశాను. ఆడుతున్నది కూడా ఆగిపోయింది. సముద్రం మీద టైం మారినప్పుడల్లా టైం జోన్ మార్చుకో, తేదీ జోలికి పోకు.

హార్డ్‌డిస్క్ సంగతి కూడా చెప్పాలి. ప్రతి ఓడలోనూ ఒక నల్ల హార్డ్‌డిస్క్ చేతులు మారుతూ ఉంటుంది, వెయ్యి సినిమాలున్నాయంటారు. అవి ఎవడో థియేటర్లోనో ఎక్కడో కొట్టేసినవి. నీకు అవి వద్దు. తీసినవాడి కష్టం అలా ఉంచు, అందులో ఇంకేం ఉందో ఇచ్చినవాడికీ తెలీదు. 2021 నుంచి ఓడల సేఫ్టీ మేనేజ్‌మెంట్‌లో సైబర్ ముప్పు కూడా చేరింది. నువ్వు గుచ్చిన డ్రైవ్ వల్ల ఓడ కంప్యూటర్‌కి ఏదైనా అంటుకుంటే మొదటి ప్రయాణంలోనే సంజాయిషీ రాసుకోవాలి. అలాగే "అన్ని సినిమాలూ ఫ్రీ" అని ఎవరో పంపే యాప్ ఫైలు వేసుకోకు. సినిమా చూపించే యాప్‌కి నీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఎందుకు? నీ బ్యాంకు ఆ ఫోన్‌లోనే ఉంది.

వైరు ఇయర్‌ఫోన్లు రెండు జతలు పెట్టుకో. ఫోన్‌కి ఆ రంధ్రం లేకపోతే కనెక్టరు కూడా తీసుకో. గోడ అవతల వాచ్ దిగినవాడు పడుకుని ఉంటాడు.

ఆ ముప్పైలో ఫ్లైట్ మోడ్‌లో ఎన్ని ఆడాయో శనివారం రాత్రి ఫోన్ చేసి చెప్పు. పదికి తగ్గకపోతే నీ లెక్క నా కంటే బాగున్నట్టే. మీ అమ్మకి చెప్పు, ఆదివారం పొద్దున్నే వస్తున్నాను, నా పాత పెన్‌డ్రైవ్‌లో కీటన్‌వి ఏడెనిమిది ఉన్నాయి, పట్టుకొస్తాను.

ఇట్లు,
మీ మావయ్య