పక్కిల్లు అంత రేటుకు పోయిందట, మరి మాది?

ప్రశ్న: మా వరసలో ఈమధ్య ఒక ఇల్లు అమ్మారు. వాళ్ళు చెప్పిన రేటే ఎక్కువ అనుకుంటుంటే, దాని మీద ఇంకో ఇరవై శాతం పెట్టి ఎవరో కొన్నారట. మాదీ దాదాపు అదే సైజు. అప్పటినుంచి ఇంట్లో ఇదే చర్చ, మావారైతే ఈ ఊపులోనే అమ్మేద్దాం అంటున్నారు. అంత ధర ఎలా పలికింది? మాకూ వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఇరవై శాతం మాట ఎవరు చెప్పారో కనుక్కోండి. అమ్మినవాళ్ళు కాస్త పెంచి చెప్తారు, ఏజెంటు ఇంకాస్త పెంచుతాడు, వీధి చివరికి వచ్చేసరికి ఇంకో లెక్క తయారవుతుంది. ఆ ధరలో ఫర్నిచర్ కలిసి ఉండొచ్చు, డబ్బు చాలా నెలల తర్వాత ఇచ్చే ఒప్పందమూ అయి ఉండొచ్చు.

సరే, నిజమే అనుకుందాం. ఒక ఇంటిని పదిమంది చూస్తే తొమ్మిదిమందికి అది మామూలు ఇల్లే. పదోవాళ్ళకి మాత్రం అమ్మానాన్నల ఇల్లు పక్క సందులో ఉంటుంది, లేదా ఈ నెలాఖరుకి అద్దె ఇల్లు ఖాళీ చేయాలి. ధర తేల్చేది వాళ్ళే. మీరు గమనించాల్సింది ఏమిటంటే, వాళ్ళు ఇల్లు కొనేసుకున్నారు, ఇక వెతకడం లేదు. మీ ఇంటికి రాబోయేది అప్పుడు ఓడిపోయిన రెండోవాళ్ళు, మూడోవాళ్ళు. కాబట్టి పక్కిల్లు ఎంతకు పోయిందని కాదు, ఆ ఇంటికి రెండో ఆఫర్ ఎంత వచ్చిందని ఏజెంటుని అడగండి. రెండోది కూడా దగ్గరదగ్గరగా ఉంటే మీరు ఆశపడటంలో తప్పులేదు. చాలా కింద ఉంటే అది ఒక్కరి అవసరం మాత్రమే.

ఇక అంత ఎలా పలికిందంటే, ఎక్కడైనా ఒక ఏడాదిలో అమ్మకానికి వచ్చేది ఉన్న ఇళ్ళలో కొద్ది భాగమే. ఆ కొన్ని అమ్మకాలు చూసే మిగతా అందరూ తమ ఇంటికి విలువ కట్టుకుంటారు. అమ్మేవాళ్ళు తగ్గితే చాలు, కొనేవాళ్ళు పెరగకపోయినా ధర దిగదు. అమెరికాలో 2021లో 30 ఏళ్ళ ఇంటి లోను వడ్డీ 3 శాతం లోపుకి దిగింది, 2023 అక్టోబరుకి అదే 8 శాతం దగ్గరికి వెళ్ళింది. అందరూ ధరలు కూలతాయనుకున్నారు. కానీ పాత వడ్డీకి తీసుకున్నవాళ్ళు ఆ లోను వదులుకుని కొత్తది మోయడానికి ఇష్టపడక ఇళ్ళు అమ్మడమే తగ్గించేశారు, దాంతో కొనేవాళ్ళు తగ్గినా ధరలు అనుకున్నట్టు పడలేదు.

వడ్డీ తగ్గితే ఎంత తేడా వస్తుందో మీరే లెక్క వేయొచ్చు. 20 ఏళ్ళ లోను 9 శాతం నుంచి 7 శాతానికి దిగితే, అదే ఈఎంఐ మీద దాదాపు 16 శాతం ఎక్కువ అప్పు పుడుతుంది. జీతం రూపాయి పెరగకపోయినా కొనేవాళ్ళందరి చేతికీ ఒకేసారి ఆ 16 శాతం వస్తే, అదెక్కడికి పోతుంది? ఇంటి ధరలోకే.

చెప్పిన రేటు సంగతి కూడా ఉంది. కావాలనే తక్కువ చెప్పి జనాన్ని రప్పించి, వాళ్ళలో వాళ్ళకి పోటీ పెట్టడం పాత ఎత్తుగడ. వేలంలో ఇళ్ళు అమ్మే అలవాటు బాగా ఉన్న ఆస్ట్రేలియాలో ఇలా తక్కువ చూపించే ప్రకటనల మీద రాష్ట్రాలు చట్టాలే చేయాల్సి వచ్చింది. అంటే "అడిగినదానికన్నా ఇరవై శాతం ఎక్కువ" అన్నప్పుడు, అసలు అడిగిందే తక్కువేమో చూడాలి.

అమ్మడం మాటకొస్తే, మీవారిని ఒక్కటి అడగండి: అమ్మాక ఎక్కడుంటారు? ఇదే చోట ఇంకో ఇల్లు కొంటే అదీ ఇదే ఊపులో కొనాలి, ఖర్చులు పోను చేతిలో మిగిలేది కొంచెమే. చిన్న ఇంటికో, ధరలు తక్కువున్న చోటికో వెళ్ళే ఆలోచన ఉంటేనే ఈ చర్చకి అర్థం ఉంటుంది.

ప్రశ్న: మూడు ఇళ్ళు చేజారిపోయాయి. ప్రతిసారీ నాకన్నా ఎక్కువ పెట్టినవాళ్ళు తన్నుకుపోతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈసారి ఎంతైనా సరే పెట్టేద్దామనుకుంటున్నాను, ఏమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దంటాను. 1971లో అమెరికాలోని ఒక చమురు కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు తమ రంగంలో జరిగే వేలాల గురించి ఒక వ్యాసం రాశారు. అందులో సంగతి ఇది: భూమి కింద ఎంత చమురు ఉందో ఎవరికీ కచ్చితంగా తెలియదు, అందరూ అంచనా వేస్తారు, గెలిచేది మాత్రం అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడే. అంటే చాలాసార్లు గెలిచినవాడే ఎక్కువ పొరబడినవాడు. ఇళ్ళకీ ఇది చాలావరకు వర్తిస్తుంది. పోటీ పెరిగేకొద్దీ జాగ్రత్త పెరగాలి. మీరేమో మూడుసార్లు ఓడిన కోపంతో తెగించబోతున్నారు.

పైగా బ్యాంకు లోను ఇచ్చేది తను కట్టిన విలువ చూసి, మీ పట్టుదల చూసి కాదు. వాళ్ళ వాల్యుయేషన్‌కీ మీరు ఒప్పుకున్న ధరకీ మధ్య ఉన్న తేడా మీ జేబులోంచే రావాలి. ఆ డబ్బు లేకుండా అడ్వాన్సు ఇచ్చేశారా, ఇరుక్కున్నట్టే. ఇల్లు చూడ్డానికి వెళ్ళకముందే ఒక అంకె కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి, దాటాలంటే వాళ్ళు ఒప్పుకోవాలి. తొందరలో పత్రాలు లాయరుకి చూపించడం, గోడలూ పైకప్పూ తెలిసినవాళ్ళతో చూపించడం మాత్రం ఎగ్గొట్టకండి.

అన్నట్టు, ప్రకటనలో చూసిన ధర మీ తలలో కూర్చుంటుంది. 1987లో ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ట్యూసన్‌లో ఒకే ఇంటిని కొందరికి చూపించి, ప్రకటన ధర మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఇచ్చారు. పెద్ద అంకె చూసినవాళ్ళు ఎక్కువ విలువ కట్టారు. విద్యార్థులే కాదు, అనుభవం ఉన్న ఏజెంట్లూ అంతే. కాబట్టి ఆ కాగితం మీద రాసే అంకె ప్రకటన చూడకముందే, చుట్టుపక్కల నిజంగా జరిగిన అమ్మకాలు చూసి రాయండి.

ప్రశ్న: మా ప్రాంతంలో సగటు ధర బాగా పెరిగిందంటున్నారు, మా ఇంటికి మాత్రం ఎవరూ అంత ఇవ్వడం లేదెందుకు?

జవాబు: ఈసారి పెద్ద ఇళ్ళు ఎక్కువ అమ్ముడుపోయి ఉంటాయి. పెద్దవి నాలుగు ఎక్కువ పోతే చాలు, ఏ ఒక్క ఇంటి ధరా మారకుండానే సగటు పైకి లేస్తుంది. ఒకే ఇల్లు ముందు ఎంతకు అమ్మారు, మళ్ళీ ఎంతకు అమ్మారు అని పోల్చి చూసిన లెక్క దొరికితే దాన్ని నమ్మండి. దొరక్కపోతే మీ ఇంటి సైజుకీ వయసుకీ దగ్గరగా ఉన్నవి ఎంతకు పోయాయో మాత్రమే చూసుకోండి.