పిరమిడ్ లోపల భోజనం

ప్రశ్న: అమ్మా, మాది నరసన్నపేట. మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు. వచ్చే నెల మమ్మల్ని ఓర్లాండో డిస్నీకి తీసుకెళ్తున్నాడు. అక్కడ ఎప్‌కాట్ అనే పార్కులో శాన్ ఆంజెల్ ఇన్ అనే మెక్సికన్ రెస్టారెంటులో టేబుల్ బుక్ చేశాడు. మేం పుట్టుకతో శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఆయనకు మోకాళ్ల నొప్పులు. అబ్బాయి ఎంతో సరదా పడుతున్నాడు, కాదనలేను. పులిహోర డబ్బా పట్టుకెళ్లి ఒక మూల కూర్చుంటే సరిపోతుందా? రోజూ ఇదే టెన్షన్.

జవాబు: మూల కూర్చోవద్దమ్మా. అబ్బాయి పక్కనే కూర్చుని వేడివేడిగా తినండి. పులిహోర సంగతి తర్వాత చెబుతాను.

రెండేళ్ల క్రితం మా అమ్మాయి నన్నూ అక్కడికే తీసుకెళ్లింది. ఎప్‌కాట్ 1982లో తెరిచిన పార్కు. ఒక పెద్ద చెరువు, దాని చుట్టూ 11 దేశాల పేరు మీద కట్టిన భవనాలు. ఎడమ వైపు నుంచి నడక మొదలుపెడితే మొదట వచ్చేది మెక్సికో. బయటికి పాత కాలపు రాతి పిరమిడ్‌లా కనిపిస్తుంది. లోపలికి అడుగు పెట్టగానే వెలుతురు మారిపోతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లినా అక్కడ మునిమాపే. ఇంట్లో దీపం పెట్టే వేళ ఎలా ఉంటుందో అలా. సంత వీధి లాంటి చోట బొమ్మలు, టోపీలు అమ్ముతుంటారు. దాన్ని దాటితే మీ అబ్బాయి బుక్ చేసిన రెస్టారెంటే: నీటి ఒడ్డున బల్లలు, వాటి పక్కగా పడవలు మెల్లగా వెళ్తుంటాయి. దూరంగా ఒక అగ్నిపర్వతం, ఒక గుడి. అంతా కట్టిందేనని తెలిసినా నాకు మాట రాలేదు. వీలైతే నీటి పక్క బల్ల అడగమని అబ్బాయికి చెప్పండి. మెనూ చదవడానికి కళ్లజోడు మరిచిపోవద్దు, ఆ మసక వెలుతురులో అక్షరాలు కనబడవు.

ఇక అసలు భయం. అది ఉత్త భయం కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను. ఆ పార్కుకు వెళ్లే దారిలో, హైవే పక్కన ఒక మెక్సికన్ హోటల్లో ఆగాం. మాంసం వద్దన్నాం. అన్నం, మెదిపిన బీన్స్ తెచ్చారు. బీన్స్ కమ్మగా ఉన్నాయని సగం పళ్లెం తిన్నాక మా అమ్మాయికి అనుమానం వచ్చి అడిగింది. వాటిని పంది కొవ్వులో వేయించారట. నాకు ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. వాళ్ల తప్పు అనను, మేం అడిగింది మాంసం గురించే, కొవ్వు గురించి కాదు. మెక్సికో వంటలో మెదిపిన బీన్స్‌కి పంది కొవ్వు వాడటం తరతరాల అలవాటు. ఎర్రటి అన్నాన్ని చాలా చోట్ల కోడి మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. మాంసం ముక్క కనబడనంత మాత్రాన అది మనం తినేదైపోదు.

కాబట్టి మీరు అడగాల్సినవి మూడే. బీన్స్‌లో లార్డ్ (పంది కొవ్వు) వేశారా? అన్నంలో చికెన్ బ్రాత్ (కోడి ఉడికించిన నీళ్లు) ఉందా? ఇందులో గుడ్డు ఉందా? కూర్చున్న వెంటనే, ఆర్డర్ ఇవ్వక ముందే అడగండి. అబ్బాయి మొహమాటపడితే మీరే అడగండి. అవసరమైతే చెఫ్‌ని కనుక్కుని చెప్పమనండి. రోజూ వేల మంది వచ్చే చోటు అది, ఇలాంటి ప్రశ్నలు వాళ్లకు కొత్త కావు. మనం ఏం తింటామో చెప్పడం నామోషీ కాదమ్మా.

ఏం తినాలంటారా? గ్వాకమోలేతో మొదలుపెట్టండి. అవకాడో పండు మెదిపి ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలుపుతారు. మన రోటి పచ్చడి తిన్న నాలుకకు అది పరాయిగా అనిపించదు. నంజుకోవడానికి మొక్కజొన్న చిప్స్ ఉంటాయి. చీజ్, కూరగాయలతో చేసినవి ఆ రోజు ఏమున్నాయో కనుక్కోండి.

మోలే అనే పులుసు గురించి మాత్రం ఒక మాట. ఎండుమిర్చి రకాలు, నువ్వులు, వేరుశనగలు లేదా బాదం, దాల్చినచెక్క, లవంగాలు వేయించి నూరి, చివర కాస్త చాక్లెట్ వేస్తారు. వాసన చూడగానే మా అమ్మ నువ్వుల పొడి దంచిన రోజు గుర్తొచ్చింది. కానీ అది మామూలుగా కోడి నీళ్లతోనే తయారవుతుంది, అందుకని నేను ముట్టలేదు. మీరూ వద్దు. వేరుశనగ పడనివాళ్లు మీతో ఉంటే వాళ్లకూ ముందే చెప్పండి.

కారం గురించి భయం వద్దు. మిరపకాయ పుట్టిందే ఆ నేల మీద. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది, అంతకు ముందు మన పెద్దలకు కారమంటే మిరియాలే. పలాస జీడిపప్పు కూడా ఆ వైపుదే, బ్రెజిల్ నుంచి ఆ పోర్చుగీసు వాళ్లే తెచ్చారు. మెనూలో హమైకా అనే ఎర్రటి పానీయం కనిపిస్తే తప్పక తాగండి. ఎర్ర గోంగూర జాతి మొక్కకి కాయ చుట్టూ ఎర్రగా రేకులుంటాయి కదా, వాటిని నానబెట్టి పంచదార కలిపింది. గోంగూర పులుపును తియ్యగా తాగినట్టుంటుంది. తీపి వంటల్లో ఫ్లాన్ వద్దు, అందులో గుడ్డు ఉంటుంది.

పులిహోర తీసుకెళ్లండి. సొంతానికి తెచ్చుకున్న తిండిని పార్కులోకి రానిస్తారు. గాజు సీసాలు ఉండకూడదు, వేడి చేసి పెట్టమని అడగకూడదు. రెస్టారెంటులో విప్పకుండా సాయంత్రం చెరువు ఒడ్డున బెంచీ మీద తినండి. చెరువు చుట్టూ నడక దాదాపు 2 కిలోమీటర్లు, ఎండలో ఆయన మోకాళ్లకు కష్టం. గేటు దగ్గర వీల్‌చెయిర్ అద్దెకిస్తారు, తీసుకోవడానికి ఆయన్ని ఒప్పించండి. భోజనం అయ్యాక ఆ పిరమిడ్‌లోనే పడవ ఎక్కండి. కుదుపులు లేని నిదానమైన ప్రయాణం, ఆయనకు హాయిగా ఉంటుంది.

ప్రశ్న: అదే పార్కుకు మేం ఏడుగురం వెళ్తున్నాం. బిల్లు మీద టిప్ ఎంతివ్వాలి? (బొబ్బిలి నుంచి)

జవాబు: అమెరికాలో కూర్చుని తినే హోటళ్లలో 18 నుంచి 20 శాతం ఇవ్వడం వాడుక. డిస్నీలో ఆరుగురు, అంతకు మించి ఉంటే 18 శాతం బిల్లులోనే కలిపేస్తారు. చూసుకోకుండా రెండోసారి ఇవ్వకండి. మెనూలో రాసిన ధరకు పన్ను కూడా తోడవుతుంది.

ప్రశ్న: అమెరికాలో తిన్న మొక్కజొన్న టోర్టిల్లా (పల్చటి రొట్టె) ఇంట్లో చేద్దామని పిండి తెచ్చాను. ఒత్తితే విరిగిపోతోంది. ఎందుకు? (శ్రీకాకుళం నుంచి)

జవాబు: మీ చేతిలో లోపం లేదు, పిండే వేరు. మెక్సికోలో ఎండు మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా అందులోనే నానబెట్టి, పొట్టు పోయేలా కడిగి, అప్పుడు రుబ్బుతారు. ఆ సున్నం వల్లే పిండికి జిగురు వస్తుంది, ఆ వాసనా వస్తుంది. గింజలో ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేది కూడా దానివల్లే. ఈ పద్ధతి తెలియక మొక్కజొన్న మీదే బతికిన ఇటలీ ఉత్తర ప్రాంతంలో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, ఆ విటమిన్ అందక వచ్చే పెల్లాగ్రా జబ్బుతో జనం ఎంతో బాధపడ్డారు.

మన జిల్లాల్లో మొక్కజొన్నకు కొదవ లేదు. బాగా ఎండిన గింజలు కిలోకి తినే సున్నం 10 గ్రాములు చాలు. గోడలకు వేసే సున్నం పొరపాటున కూడా వాడొద్దు. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుది పెట్టండి. అరగంట పైగా ఉడికించి దించి మూత పెట్టండి. తెల్లారాక రెండు మూడు నీళ్లు పోసి పొట్టు పోయేదాకా చేత్తో రుద్ది కడగండి. గ్రైండర్‌లో నీళ్లు తక్కువగా పోసి గట్టిగా రుబ్బండి. ఉండని రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి పళ్లెంతో అదిమితే గుండ్రంగా వస్తుంది. నూనె లేకుండా, బాగా కాలిన పెనం మీద రెండు వైపులా కాల్చి, గుడ్డలో చుట్టి పెట్టండి. విప్పి ఉంచితే గట్టిపడిపోతాయి.