మిర్రర్ ఉన్నా కొత్త డిస్క్ నుంచి బూట్ కాకపోతే

జడ్‌ఎఫ్‌ఎస్ (ZFS అనే ఫైల్ సిస్టమ్) మిర్రర్‌లో, అంటే ఒకే డేటాను రెండు డిస్క్‌లలో ఉంచే జతలో, కొత్త డిస్క్ కలిసిపోయినా, పాతది తీసేస్తే ప్రాక్స్‌మాక్స్ (Proxmox, వర్చువల్ మెషీన్లు నడిపే సర్వర్ వ్యవస్థ) బూట్ కావడం లేదన్నారు కదండీ. మిర్రర్ తప్పేమీ లేదు. అది నకలు తీసేది డిస్క్‌లో డేటా ఉండే భాగాన్ని, అంటే మూడో పార్టిషన్‌ను మాత్రమే. బూట్‌లోడర్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఉండే రెండో పార్టిషన్ జోలికి వెళ్లదు.

పాత డిస్క్ తగిలించి బూట్ చేసి, కొత్త దానిలో మూడు పార్టిషన్లూ ఉన్నాయేమో ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండ్‌తో చూడండి. ఉంటే, రెండో దాని మీద ప్రాక్స్‌మాక్స్-బూట్-టూల్ (proxmox-boot-tool) కమాండ్‌తో ఫార్మాట్ (format), తర్వాత ఇనిట్ (init) నడిపితే చాలు.

పార్టిషన్లు చేయకుండా మొత్తం డిస్క్‌నే పూల్‌కు (జడ్‌ఎఫ్‌ఎస్ డిస్క్‌ల సముదాయానికి) ఇచ్చేసి ఉంటేనే అసలు తంటా. ఆ కొత్త డిస్క్‌ను పూల్ నుంచి డిటాచ్ చేసి (విడదీసి), ఎస్‌జీడిస్క్ (sgdisk) కమాండ్‌తో పాత డిస్క్ పార్టిషన్ పట్టికను నకలు చేసి, కొత్త డిస్క్ మూడో పార్టిషన్‌ను పూల్‌కు అటాచ్ చేయాలి (కలపాలి). ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోండి: ఎస్‌జీడిస్క్ కమాండ్‌లో పెద్ద ఆర్ (-R) పక్కన రాయాల్సింది కొత్త డిస్క్ పేరు. తారుమారైతే బాగున్న డిస్క్ పట్టికే పోతుంది. వెంటనే అదే కమాండ్‌లోని పెద్ద జీతో (-G) కొత్త డిస్క్ గుర్తింపు సంఖ్యలు మార్చి, పైన చెప్పిన ఫార్మాట్, ఇనిట్ చేయండి. రీసిల్వర్ (కొత్త డిస్క్‌లోకి డేటా నకలు కావడం) ముగిసేదాకా పాత డిస్క్‌ను కదపకండి.