ముందు సెలవు సంగతి చూడు, కుక్క సంగతి తర్వాత

చిరంజీవికి ఆశీస్సులు.

పెంపుడు జంతువులున్న ఉద్యోగుల కోసం ఏదైనా చేయమని పైవాళ్లు నీకు అప్పజెప్పారనీ, వారానికో రోజు కుక్కల్ని ఆఫీసుకు తెచ్చుకోనిద్దామనుకుంటున్నావనీ రాశావు. 30 ఏళ్లు సిబ్బంది వ్యవహారాలు చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా: అక్కణ్ణుంచి మొదలుపెట్టకు. ఫొటోలకు బాగుంటుంది గానీ, జంతువుల్ని పెంచేవాళ్లకు కరువైంది టైము.

లెక్క చూడు. 3 నెలల కుక్కపిల్ల మూడు నాలుగు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. ఉద్యోగి మాత్రం రాకపోకలతో కలిపి పది గంటలు బయటే ఉంటాడు. టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, 16 వారాలు నిండేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేయిస్తూ ఉండాలి. అందుకే కొత్తగా తెచ్చుకున్నవాళ్లకు కొన్నాళ్లు ఇంటి నుంచి పనో, నాలుగు రోజుల సెలవో ఇవ్వు. ఇదేం వింత కాదు. బ్రూడాగ్ అనే స్కాట్లండ్ బీరు కంపెనీ 2017లోనే ఇందుకోసం వారం రోజులు జీతంతో సెలవు ప్రకటించింది. మీరు ఎవరినైనా టూరుకు పంపితే, ఆ రోజుల్లో జంతువును చూసుకునేవాళ్ల ఖర్చు కూడా టూరు ఖర్చే.

ఇక నేను చేసిన తప్పు. 14 ఏళ్లు పెంచుకున్న కుక్క పోయిందని అకౌంట్స్‌లో ఒకాయన రెండు రోజులు సెలవడిగితే, "కుక్క కోసమా?" అని నవ్వాను. ఆయనేం అనలేదు. మర్నాడు జ్వరమని చీటీ పంపాడు. ఆ తర్వాత కూడా నాతో మామూలుగానే ఉన్నాడు గానీ, ఇంటి సంగతి ఒక్కటి కూడా ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు.

కాబట్టి కారణం రాయనక్కర్లేని సెలవులు ఏడాదికి రెండు మూడు పెట్టించు. దానికి 'పెట్ లీవ్' అని మాత్రం పేరు పెట్టకు. జంతువుల్లేనివాళ్లు "మా పని మాటేమిటి?" అంటారు, అందులో న్యాయం ఉంది. ఒకరు పిల్లికి వాడుకుంటారు, ఒకరు అమ్మ మోకాలి నొప్పికి.

అయినా పైవాళ్లు కుక్కలే కావాలంటే సరే. వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్కను వెంట తెచ్చుకున్నవాళ్లకు పొద్దెక్కేకొద్దీ ఒత్తిడి తగ్గిందని తేలింది. కాకపోతే అది ఒకే కంపెనీలో చూసింది. ముందు పేర్లు లేని చీటీల మీద అందరి అభిప్రాయం అడుగు. బాసు కుక్క ఎదురుగా ఉండగా నాకు భయమని ఎవరూ అనరు. ఎలర్జీకి అసలు కారణం వెంట్రుకలు కాదు, లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు. కాబట్టి 'మాది పొట్టి బొచ్చు కుక్క' అనే వాదన ఒప్పుకోకు. కుక్కలొచ్చే గదిలో తివాచీ వద్దు. సొరుగుల్లో చాక్లెట్లు, ఎండుద్రాక్ష, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉన్న షుగర్‌లెస్ చూయింగ్‌గమ్ లేకుండా చూడు, అవన్నీ కుక్కకు విషం. పిల్లుల్ని తేవద్దని చెప్పు. కొత్త చోటంటే వాటికి హింస, ఆ రోజంతా బల్లకిందే గడుపుతాయి.

డ్రాఫ్టు రాశాక పంపు. ఎర్రసిరా పెన్ను ఇంకా దగ్గరే ఉంది.