చెయ్యి ఆగిన చోట

చెల్లీ,

నీ యానిమేషన్ సినిమా స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మన చేనేత ఊరు పుట్టపాకలో ఆసు పోసే, అంటే నేతకు ముందు నూలును మేకుల మీదుగా చేత్తో చుట్టే అమ్మాయి, భీవండి పవర్‌లూముల నుంచి దసరాకు ఇంటికొచ్చిన అబ్బాయి. కథ నాకు చాలా నచ్చింది. కానీ పన్నెండు నిమిషాలు రాశావు. జాతర, వాన పాట, రైల్వే స్టేషన్లో జనం, అన్నీ పెట్టావు. గీసేది నువ్వొక్కదానివే కాబట్టి ముందు లెక్క చూద్దాం.

సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. పన్నెండు నిమిషాలకు 8,640. మీ దగ్గర ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరగాలంటారు కదా, ఇంచుమించు అంతే. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. నీ భుజానికి అలాంటి యంత్రం లేదు. రోజుకు ఇరవై బొమ్మలు గీసినా 432 రోజులు, ఒక్క రోజు సెలవు లేకుండా. అదే మూడు నిమిషాలైతే 2,160 బొమ్మలు, 108 రోజులు. జాతర తీసెయ్. వాన పాట కూడా తీసెయ్, బాధగా ఉంటుందని తెలుసు.

మరి ఏం మిగులుతుంది? మూడో పేజీలో నువ్వు ఒక్క లైను రాసి వదిలేసిన చోటు మిగులుతుంది. ఆమె ఆసు ముందు కూర్చుంది. చెయ్యి మేకుల మీదుగా ఆడుతోంది. వాకిట్లో అతని గొంతు వినపడింది. చెయ్యి ఆగింది. నాకైతే సినిమా మొత్తం ఇదే.

అక్కడ ఒకటిన్నర సెకను ఆపు. ఆపడానికి ఒక్క బొమ్మ చాలు, కానీ ఆ ఒక్కటే అట్లా ఉంచేస్తే ప్రాణం లేనట్టుంటుంది. వేళ్లు కదలొద్దు. వాటి మధ్య దారం మాత్రం వదులై కొద్దిగా జారాలి, మెడ దగ్గర ఊపిరి తెలియాలి. చెయ్యి మళ్లీ మొదలైనప్పుడు ఇంతకుముందు కన్నా కాస్త తొందరగా తిరగాలి. తల మాత్రం తిప్పనివ్వకు. ఆమె చూడకుండా పని చేసుకుంటూ ఉంటేనే చూసేవాళ్లకు టెన్షన్. పైగా ముఖం అటు ఉంటే మాటకు పెదాలు కలిపే పని కూడా తప్పుతుంది.

మాటలు ముందే రికార్డు చెయ్, బొమ్మలు ఆ తర్వాత. "ఎప్పుడొచ్చినవ్" అనే మాటను మీ ఊళ్లో సాగదీసే తీరు వేరు. ఆ గొంతు మీ వాడలోనే దొరుకుతుంది. మగ్గం చప్పుడు కూడా ఇంట్లోనే పట్టు, ఫోనుతోనైనా సరే, వీధిలో బండ్లు లేని వేళ చూసుకుని. సాఫ్ట్‌వేర్ గురించి దిగులొద్దు. బ్లెండర్, క్రితా రెండూ ఉచితమే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది యానిమాటిక్, అంటే అసలు బొమ్మలు గీసేముందు కచ్చా బొమ్మలతో చేసుకునే నమూనా వీడియో. నా మొదటి సినిమాకు అది చెయ్యలేదు. నలభై సెకన్ల సీను, 480 బొమ్మలు, ఇష్టంగా గీశాను. ఎడిటింగ్‌కు కూర్చున్నాక ఆ సీను లేకుండానే కథ నడుస్తోందని తెలిసింది. దాదాపు నెల రోజుల పని పక్కన పెట్టేశాను. ఇప్పటికీ ఆ ఫైలు తెరవలేను. నీకు ఇది నేను చెప్పాల్సిన పని కూడా లేదు. రంగు అంటకుండా నూలును అక్కడక్కడా బిగించే చిటికి కట్టడం చూస్తూ పెరిగినదానివి. గ్రాఫు మీద డిజైన్ వేసి, నూలుకు రబ్బరు పట్టీలు కట్టి, రంగులో ముంచాకే కదా నూలు మగ్గం మీదికి వెళ్లేది! తప్పు జరిగితే మగ్గం మీద దిద్దలేరు. నీ సినిమాకూ అట్లాగే చెయ్. గీతలు వంకరగా ఉన్నా పర్వాలేదు. స్టోరీబోర్డు బొమ్మలు వరుసగా పెట్టి, నీ గొంతుతోనే మాటలు చెప్పి, మూడు నిమిషాల వీడియో చెయ్యి. దాన్ని మీ అమ్మకు చూపించు. ఆమె ఎక్కడ కళ్లు పక్కకు తిప్పితే అక్కడ కత్తిరించు.

వచ్చే నెలలో ఆ యానిమాటిక్ నాకు పంపు. ఆ పిల్ల చెయ్యి ఎంతసేపు ఆపావో చూడాలని ఉంది.

ప్రేమతో,
అక్క
నల్లగొండ