ఆ ‘కాబట్టి’ గురించి

తమ్మీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. తజికిస్తాన్‌లో పోలీసులు ఒక కుర్రాడికి బలవంతంగా గడ్డం గీయించడం, అతను ఆ రాత్రే ఇల్లు విడిచి తుపాకీ పట్టిన వాళ్లలో కలవడం... ఆపకుండా చదివించావు. మూడో పేజీలో మాత్రం ‘అవమానించారు కాబట్టి ఉగ్రవాది అయ్యాడు’ అన్నావు. కథంతా ఆ ‘కాబట్టి’ మీదే నిలబెట్టావు. అది అంత బరువు మోయదు.

2015లో ఒక్క ఖత్లాన్ ప్రాంతంలోనే దాదాపు 13 వేల మందికి గడ్డాలు తీయించామని అక్కడి పోలీసు అధికారే చెప్పుకున్నాడు. అంతమందీ తుపాకులు పట్టలేదు కదా. చెంపలు తడుముకుంటూ ఇంటికి పోయి, రొట్టె తిని పడుకున్నవాళ్లే ఎక్కువ. మరి అదే ఏడాది సిరియాకు పోయి ఐసిస్‌లో చేరి వీడియోలో కనబడ్డది ఎవరు? గుల్‌మురాద్ ఖాలిమోవ్. తజికిస్తాన్ ప్రత్యేక పోలీసు దళం కమాండర్! గడ్డాలు తీయించిన సర్కారు మనిషే. దీన్ని నీ కథలో ఎక్కడ పెడతావు?

అణచివేతకు సంబంధం లేదని నేననడం లేదు. ఉంది, కానీ అది నువ్వు చూపిన చోట లేదు. తజికిస్తాన్‌లో అంతర్యుద్ధం 1997లో ఒప్పందంతో ముగిసింది. ఆయుధాలు దించిన ఇస్లామిక్ పునరుజ్జీవన పార్టీ పార్లమెంటులో కూర్చుంది. 2015లో దాన్నే నిషేధించారు. నమాజు గురించి, తలగుడ్డ గురించి బహిరంగంగా కొట్లాడుకునే చోటు పోయింది. ఇక మాట్లాడాలనుకున్నవాడు చీకట్లో ఎవడు పిలిస్తే వాడి దగ్గరికే పోవాలి. అట్లాగని ఇదొక్కటే కారణం అనుకోకు. బిన్ లాడెన్ పుట్టిన సౌదీలో మతాన్ని అణచలేదు, నెత్తిన పెట్టుకున్నారు.

ఇంకో మాట. రెండో సగంలో కథను మన పాలమూరుకు తెచ్చావు. పీర్లెత్తే ముసలాయన మంచివాడు, ‘ఇది మన మతం కాదు’ అని పీర్ల పండుగ మానేసిన మనవడు అనుమానించదగ్గవాడు. ఉజ్బెకిస్తాన్‌లో అప్పటి అధ్యక్షుడు కరీమోవ్ సర్కారు చేసిందీ ఇదే. సర్కారు ఒప్పుకున్న మసీదుకు పోయేవాడు మంచి ముస్లిం, బయట నమాజు చేసేవాడు ‘వహాబీ’, అంటే తీవ్రవాది అని ముద్ర. పీర్ల సావిడంటే నాకూ ప్రాణమే, గుండం చుట్టూ ఆడి పెరిగినవాణ్ని. కానీ మలీద తినని ప్రతివాడూ బాంబు పెడతాడా? పిల్లవాడు తాతతో ఎందుకు విభేదించాడో అతని నోటితోనే చెప్పనీ.

2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసులను కాల్చి చంపారు కదా, చంపింది ముస్లిం తీవ్రవాదులని పోలీసులన్నారు. తర్వాత కొన్నాళ్లు మా వీధిలో బట్టలు కుట్టే చాచా బస్సెక్కేటప్పుడు టోపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. తెల్లటి అంచు కొంచెం బయటికి కనిపిస్తుండేది. టోపీ తీయమని ఆయనకు ఏ సర్కారూ చెప్పలేదు. ఆ రోజుల్లోనే ఒకసారి బస్సులో నా పక్కన కూర్చున్న గడ్డం కుర్రాడి బ్యాగు వైపు నేనూ రెండుసార్లు చూశాను. అతను గమనించి, బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లూ అది రాయలేకపోయాను, సిగ్గేసి.

నీ కథలో ఆ గడ్డం గీసిందెవరు? ‘పోలీసులు గీయించారు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. కత్తి పట్టినవాడు ఒకడుంటాడు కదా. ఆ ఊరివాడే అయ్యుంటాడు, పిల్లవాడి తండ్రికి కూడా పదేళ్లుగా కటింగ్ చేసినవాడు. నురగ పెట్టాడా, పొడిగానే గీశాడా? కళ్లలోకి చూశాడా? మీ సందులోని కటింగ్ షాపులో ఓ పూట ఊరికే కూర్చో, చేతులను చూడు.

జనవరిలో జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు పోతున్నాను. తిరగరాసింది పట్టుకుని నువ్వూ రా. జనం తగ్గినంక ఏదన్నా చెట్టు కింద కూర్చుని చదువుకుందాం.

నీ అన్న,
నల్లగొండ