ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో జాక్ రసెల్ టెర్రియర్ ఇముడుతుందా?

ఇంగ్లండ్‌లో చిన్న ఇల్లు, ఇద్దరికీ ఉద్యోగాలు, నాలుగేళ్ల బాబు; పొట్టి కుక్క కాబట్టి జాక్ రసెల్ అయితే సులువు కదా అని అడిగారు. ఇల్లు చిన్నదైనా ఫర్వాలేదండి. మీ రోజులో దానికి టైమ్ ఎంత మిగులుతుందన్నదే అసలు లెక్క. మా ఇంట్లో ఉన్నదానికి వయసు మళ్లింది. అయినా ఉడుత కనబడితే ఆ సంగతి దానికి గుర్తుండదు.

దీన్ని ఎందుకోసం పెంచారో తెలిస్తే బుద్ధి సగం అర్థమవుతుంది. డెవన్‌లో జాన్ రసెల్ అని ఒక పాదిరి ఉండేవాడు, వేటంటే పిచ్చి. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, 1819 ప్రాంతంలో, ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడ టెర్రియర్‌ని కొన్నాడు. ఈ వంశం అక్కడ మొదలైంది. నక్క బొరియలోకి దూరితే దీని పని వెనకాలే దూరడం, చంపకుండా మొరిగి మొరిగి బయటికి తరమడం. నేల కింద యజమాని చెప్పేదేముంటుంది? ఏం చేయాలో అదే తేల్చుకోవాలి. మనం మొండితనం అనుకునేది అదే.

మాది కుందేలు బొరియ దొరికితే చాలు, ముందుకాళ్లతో మట్టి వెనక్కి చిమ్ముతూ భుజాల దాకా దిగిపోతుంది. పైకి కనిపించేది నడుమూ, నిటారుగా నిలబడ్డ తోకా. బిస్కెట్ డబ్బా ఆడించినా తోక కదలదు. అందుకే కంచె లేని చోట పొడవాటి లీడ్ (పట్టీకి కట్టి పట్టుకునే తాడు) తప్పనిసరి, గొర్రెలు మేసే చోట మరీను. పెరటి కంచెని కింది వైపు కూడా చూసుకోండి, తవ్వుకుని పోతుంది.

రోజుకు గంట నడక కావాలి, కానీ ఉత్త నడకతో అలసిపోదు. పాత తువ్వాలు మడతల్లో దాని తిండి గింజలు దాచి చుట్టి ఇవ్వండి. ముక్కుతో వెతికి విప్పుకునేసరికి బుర్రకి బాగా పని అవుతుంది, ఆ తర్వాత హాయిగా పడుకుంటుంది. ఈ పని లేకపోతే సోఫా మీద చూపిస్తుంది. ఇక్కడి జంతు సంక్షేమ సంస్థలు కుక్కని నాలుగు గంటలకు మించి ఒంటరిగా వదలొద్దంటాయి. ఇద్దరూ ఆఫీసుకి వెళ్లే రోజుల్లో మీ బదులు దాన్ని తిప్పే డాగ్ వాకర్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. పక్కింటితో గోడ కలిసి ఉంటే మొరుగుడు టెన్షన్ వేరే. తలుపు సందులోంచి ఉత్తరం పడితే చాలు మొదలెడుతుంది. మేం తలుపుకి లోపలి వైపు తీగ బుట్ట బిగించాక ఉత్తరాలైతే దక్కుతున్నాయి.

బాబు సంగతి. హెచ్ఎంవీ రికార్డుల మీద గ్రామఫోన్ వింటూ కూర్చున్న కుక్క గుర్తుందా? అది 1884లో బ్రిస్టల్‌లో పుట్టిన నిప్పర్. జాక్ రసెల్ పోలికలున్న టెర్రియర్ అనే చెబుతారు. ఇంటికొచ్చినవాళ్ల పిక్కలు పట్టుకునేదని ఆ పేరు పెట్టారట. ఈ జాతి పిల్లలతో బాగా ఆడుతుంది, తోక లాగితే మాత్రం ఓర్చుకోదు. తినేటప్పుడు, పడుకున్నప్పుడు దాని జోలికి వెళ్లకూడదని బాబుకి నేర్పండి, ఇద్దర్నీ ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఎలుకలాంటి పెంపుడు జీవి హ్యామ్‌స్టర్ ఉంటే ఈ ఆలోచనే మానుకోండి.

మన వంటలతో జాగ్రత్త. ఉల్లి, వెల్లుల్లి, పాయసంలో కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఇవన్నీ దానికి విషమే. ఊరి నుంచి అమ్మవాళ్లు వస్తే ముందే చెప్పాలి, లేకపోతే ముద్దుగా పులుసన్నం పెట్టేస్తారు. ఒంటి శుభ్రానికి పెద్ద హడావుడి లేదు, వారానికోసారి బ్రష్ చాలు. పొట్టి వెంట్రుకల రకమైనా ఏడాది పొడవునా రాలుస్తుంది, నల్ల ప్యాంట్లు మర్చిపోండి. పళ్లు తోమడం మాత్రం కుక్కపిల్లప్పుడే అలవాటు చేయాలి.

కంటి కటకం జారిపోయే జబ్బు ఈ జాతిలో ఉంది. కన్ను ఎర్రబడినా, మసకబారినా, మూసుకుంటున్నా తెల్లారేదాకా ఆగకుండా వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్కపిల్లనే కొంటే తల్లిదండ్రులకి ఈ జబ్బుకీ, నడక తూలే అటాక్సియాకీ చేసిన డీఎన్‌ఏ పరీక్షల రిపోర్టులు అడగండి. 2020 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ఆరు నెలలలోపు కుక్కపిల్లల్ని దళారులు అమ్మకూడదు. తల్లి పక్కన ఉండగా చూపించనంటే వెనక్కి వచ్చేయండి. మీ పరిస్థితికి నేనైతే దిక్కులేని కుక్కల్ని చేరదీసే రెస్క్యూ సెంటర్‌లో నాలుగైదేళ్ల కుక్కని చూడమంటాను. పిల్లలతో ఎలా ఉంటుందో, ఒంటరిగా ఎంతసేపు ఉండగలదో అక్కడివాళ్లు ముందే చెప్పగలరు.